పేరు చెప్పరాదు

నన్నడిగితే లోకంలో సమన్వయం అంత సుఖమైన ఉద్యోగం ఇంకొకటి లేదు. పని చేసేవాడు ఒకడుంటాడు, పని కావలసినవాడు ఒకడుంటాడు. ఆ ఇద్దరూ పొరపాటున కూడా ఒకరికొకరు ఎదురుపడకుండా చూసుకోవడమే మన పని.

నేను నిరాశ్రిత రక్షణ సమన్వయ మండలిలో మినిట్స్ రాసేవాణ్ణి. అసలు కొలువు తహసీల్దారు ఆఫీసులో. అక్కడ దుమ్ము పట్టిన కట్టలు, పొద్దున్నే అరిచే జనం. ఇక్కడికి డిప్యుటేషన్ మీద వచ్చాక ఫ్యాను కింద కుర్చీ, మీటింగు రోజున జీడిపప్పు, బిస్కెట్లు. ఈ చోటు వదులుకుని మళ్ళీ అక్కడికి పోవడానికి నాకేమైనా పిచ్చా? ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తరువాత నన్ను మంచివాడనుకుని మోసపోవద్దు.

కొండ అవతల రెండు సేనలు కొట్టుకున్నాయి. ఒక సేన అక్కడి జనాన్ని విముక్తం చేస్తానంది. రెండో సేన ఆ విముక్తి నుంచి జనాన్ని కాపాడతానంది. ఇద్దరూ అన్నమాట నిలబెట్టుకునేసరికి పద్నాలుగు ఊళ్ళు కాలిపోయాయి. మిగిలిన జనం చేతికందింది పట్టుకుని కొండ దిగితే, లారీలెక్కించి మాకు పంపారు. మాకు రెండు శిబిరాలు. గొల్లవాగుకు ఇవతలి గట్టున ఒకటి, అవతలి గట్టున ఒకటి. లారీ ఎటు తిరిగితే జనం అటు. అలా మొగుడిటూ పెళ్ళామటూ, తల్లిటూ పిల్లటూ పడ్డవాళ్ళు చాలామంది. మధ్యన వాగు మీద చప్టా, చప్టా మీద పోలీసు. ఆ పోలీసుకు సందర్శన పత్రం చూపిస్తేనే అవతలికి పోనిస్తాడు. ఆ పత్రం ఇచ్చేది మా మండలి.

రెండో వారంలో తవిటమ్మ అనే ముసలామె నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"కొడుకూ కోడలూ ఆ రేతిరే పోనారు బాబూ. ఆళ్ళెలాగూ రారు. మనవరాల్ని ఎనకమాల లారీ ఎక్కించినారు. ఎనిమిదేళ్ళ గుంట. ఎక్కడుందో సూసి సెప్పు."

"పేరు?"

"అత్త."

"మీ అత్తగారి గొడవ నాకెందుకమ్మా? పిల్ల పేరు చెప్పు."

"గుంట పేరే బాబూ. మాయత్తోరి పేరే పెట్టినాం దానికి. అత్త పేరు కోడలు నోటితో ఎలగంటాది? అందుకే నాను గుంటని కూడా అత్తా అనే పిలుత్తాను."

ఫారంలో నలభై ఏడు గళ్ళున్నాయి. మొదటి గడి తప్పిపోయినవారి పేరు. దరఖాస్తుదారు స్వయంగా పలకాలి, మరొకరు పలకరాదని నిబంధన. ఆమె పక్క గుడిసె మనిషిని తీసుకొచ్చి "ఈడు సెప్తాడు" అంది. నేను నిబంధన చూపించి వాడి నోరు మూయించాను. చివరికి "అత్త, వయసు ఎనిమిది" అనే రాసి పైకి పంపాను. ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. "దరఖాస్తుదారుకు అరువది రెండు, అత్తకు ఎనిమిది ఏండ్లు అగుట ఎట్లు సంభవము? సంజాయిషీ కోరుడు."

నాకు ఒళ్ళు మండింది. పైవాళ్ళను తిట్టలేను కనక ఆమెనే తిట్టాను.

"మీ అత్త పోయి ఎన్నేళ్ళయింది?"

"ముప్పయ్యేళ్ళు."

"మరింకా భయమేమిటి?"

"బతికున్నప్పుడైతే గుమ్మంలో ఉన్నాదో, పొలంలో ఉన్నాదో తెలుస్తాది బాబూ. ఇప్పుడెక్కడ నిలబడి ఇంటాదో ఎవులికి తెలుసు?"

"పేరు పలకగలిగినప్పుడే రా" అని పంపించేశాను.

ఆ వారంలోనే నగరం నుంచి గోప్యతా సలహాదారు నిరుపమ గారు వచ్చారు. మా సమన్వయాధికారి త్రిలోచనరావు గారు ఆమెకు శాలువా కప్పారు. ఆమె శాలువా మడిచి పక్కన పెట్టి సూటిగా విషయంలోకి దిగారు.

"పేరంటే ఏమిటి? ప్రమాదకరమైన సమాచారం. ఈ జాబితాలు ఆ సేనల చేతిలో పడితే ఏమవుతుంది? ఎవరి కొడుకు ఎక్కడున్నాడో వాళ్ళకు తెలిసిపోదూ?"

మాట నిజమే. ఆ జాబితా కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. కానీ నిజమైన మాట మా మండలి చేతిలో పడిందంటే ఇక దాని గతి అంతే. త్రిలోచనరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈ మహత్తర భావనను మనం సమగ్రంగా, బహుముఖంగా, అట్టడుగు స్థాయి దాకా తీసుకుపోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. పేరు జాబితాలో ఉంటే ప్రమాదం. మరి నోట్లో ఉంటే ప్రమాదం కాదా? జాబితాకు తాళం వేయవచ్చు. నోటికి వేయగలమా?"

"వేయవచ్చు సార్, సర్క్యులర్‌తో" అన్నారెవరో. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు కూడా నేను మినిట్స్‌లో రాశాను.

నిరుపమ గారు ఏదో అడ్డు చెప్పబోయి, తన పేరిట తీర్మానం ప్రవేశపెడుతున్నారని విని ఊరుకున్నారు. తీర్మానం ఇదీ. శిబిరాల్లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య. తోడు లేని పిల్లలకు సంఖ్య చివర "బై బి". పేర్ల పుస్తకం ఇనుప బీరువాలో. బీరువాకు రెండు తాళాలు, వాటి చెవులు ఇద్దరు వేర్వేరు అధికారుల దగ్గర. మండలి ఆవరణలో గానీ, శిబిరాల్లో గానీ నిరాశ్రితుల పేరు ఎవరూ పలకరాదు. సిబ్బందిలో ఎవరైనా పలికినా, సూచించినా డిప్యుటేషన్ రద్దు. నా చేతా సంతకం పెట్టించారు. ఆ పుస్తకం రెండు రోజులు కూర్చుని రాసింది కూడా నేనే.

తవిటమ్మ మళ్ళీ వచ్చింది. మూడు రోజులు పస్తుందట. అత్తకు దండం పెట్టుకుని, "నీ పేరు గల గుంట కోసమే, తప్పు కాయి" అని మొక్కుకుని వచ్చిందట. కళ్ళు మూసుకుంది. "పారమ్మ" అనేసి, రెండు చేతులా లెంపలు వేసుకుంది.

లోపలి గదిలోంచి త్రిలోచనరావు గారు చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏమిటీ ఘోరం! పట్టపగలు! వరండాలో! నేను వినలేదు. మీరు విన్నారా?"

"లేదు సార్" అన్నాను.

"మీరే గదా బాబూ పేరు సెప్పమన్నారు?" అంది తవిటమ్మ.

"అది పాత సర్క్యులరు. ఇప్పుడు పిల్ల సంఖ్య చెప్పాలి" అన్నారాయన.

"అది నాకెలా తెలుస్తాది?"

"సంఖ్య పిల్లకు ఇచ్చాం. పిల్లనడిగి తెలుసుకో."

"గుంటెక్కడుందో తెలిత్తే గదా అడగడానికి!"

"శిబిరాలన్నీ వెతుక్కో. ఎవరొద్దన్నారు? సందర్శన పత్రం తీసుకుని అవతలి గట్టుకు వెళ్ళు."

"అయితే పత్రమిప్పించండి."

"పత్రానికి సంఖ్య కావాలి." త్రిలోచనరావు గారు చాలా ఓపిగ్గా చెప్పారు. తరువాత నా వైపు తిరిగి, "చదువు లేకపోతే వ్యవస్థను అర్థం చేసుకోవడం కష్టమండీ" అన్నారు.

తవిటమ్మ వెళ్ళిపోయాక పేర్ల పుస్తకంలోని వరస గుర్తొచ్చింది. పారమ్మ, ఎనిమిదేళ్ళు, అవతలి గట్టు, పదకొండు నలభై మూడు బై బి. నా చేత్తో నేనే రాశాను. వాగు వెడల్పు నూటయాభై గజాలుంటుందేమో. మామ్మ ఇటు, మనవరాలు అటు. చెప్పేస్తే ఏమయ్యేది? తహసీల్దారు ఆఫీసు అయ్యేది. అందుకని చెప్పలేదు. నాకు సిగ్గేసింది, సిగ్గుతోనే టీ తాగాను.

ఇక రక్షణ జోరందుకుంది. రేషన్ వరసలో సంఖ్య పిలిస్తేనే బియ్యం. శిబిరం బడిలో సంఖ్యలతోనే హాజరు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నందుకు ఇద్దరు అన్నదమ్ములకు గోడకుర్చీ వేయించి, "గోప్యతా అవగాహన కార్యక్రమం: ఇద్దరు లబ్ధిదారులు" అని నివేదిక పంపారు. ఒకామె ప్రసవించింది. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి పేరు రాయబోతే, మా క్షేత్ర సహాయకుడు వేలు పట్టుకుని ఆపాడు. ఆ తండ్రి ఏడుస్తూనే బియ్యంలో ఇరవై రెండు పద్దెనిమిది అని రాశాడు. పళ్ళెం చిన్నది. పద్దెనిమిది సగం చాప మీదికి పోయింది.

శనివారం భజన దగ్గర పెద్ద చిక్కొచ్చింది. భజనలో రాముడి పేరుంది. శిబిరంలో రాములు ఆరుగురు. పేరు పలికినట్టా, కాదా? మీటింగులో గంటన్నర చర్చ జరిగింది. దేవుడికీ ఒక సంఖ్య ఇవ్వాలని ఒకరు ప్రతిపాదించారు. నిర్వచనం ప్రకారం దేవుడు నిరాశ్రితుడు కాడు గనక ఇవ్వడం కుదరదని త్రిలోచనరావు గారు తేల్చారు. మధ్యేమార్గంగా భజన మౌనంగా చేసుకోవచ్చని అనుమతించారు. ఆ శనివారం ముప్పైమంది తాళాలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

ఇలా నాలుగు నెలలు. తవిటమ్మ రోజూ వచ్చేది. వరండా మెట్టు మీద కూర్చునేది. మొదట్లో అడిగేది, తరువాత అడగడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆమె లేచి నా దగ్గరికొచ్చింది.

"బాబూ, పత్రమొద్దు. సంకె కూడా వద్దు. ఒక్క ముక్క సెప్పు. ఉన్నాదా, నేదా? నేదంటే నీళ్ళొదిలేసుకుంటాను. ఉన్నాదంటే రేపు కూడా అన్నం తింటాను."

నేను నోరు విప్పలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, విప్పలేదు. కిటికీలోంచి వాగు అవతలికి చూశాను. అంతే. ఆమె నా కళ్ళు ఎటు పోయాయో చూసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది.

వాగు నిండుగా పారుతోంది. గట్టు మీద నిలబడి తవిటమ్మ పిలిచింది. కొండ మీదివాళ్ళ పిలుపు ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఈ కొండ మీంచి ఆ కొండ మీద మేకలు కాసేవాణ్ణి అన్నానికి పిలిచే గొంతు అది.

"పారమ్మా... ఓ పారమ్మా..."

రెండు శిబిరాల్లోనూ జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నాలుగు నెలల తరువాత గట్టిగా పలికిన మొదటి పేరు అది. అవతలి గట్టున గుడారాల మధ్యనుంచి సన్నగా, "మామ్మా!" అని వినిపించింది. చిన్న పిల్ల ఒకత్తి నీళ్ళ దాకా పరిగెత్తుకొచ్చింది. ఎవరో రెక్క పట్టుకుని వెనక్కి లాగారు.

సాయంత్రానికి అత్యవసర సమావేశం.

"తీవ్ర గోప్యతా భంగం" అన్నారు త్రిలోచనరావు గారు. "ఆ బాలిక పేరు రెండువేల మందికి తెలిసిపోయింది. ఆమె ప్రాణానికి ముప్పు. ఆమెను తక్షణం అజ్ఞాత సురక్షిత స్థలానికి తరలించాలి."

"మామ్మ దగ్గరికి తరలిస్తే?" అన్నాను. మినిట్స్ రాసేవాడు మాట్లాడటం అదే మొదటిసారి. అందరూ నా వైపు చూశారు.

"మామ్మే గదయ్యా పేరు బయటపెట్టింది! ముప్పు ఎవరివల్ల వచ్చిందో వారి దగ్గరికే పంపిస్తామా? ఏ రక్షణ సూత్రం ఒప్పుకుంటుంది?"

పిల్లను దీపాలు పెట్టే వేళకే జీపెక్కించారు. ఎక్కడికన్నది కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో దాచారు.

మరునాడు తెల్లవారేసరికి మా మండలి ఎన్నడూ చూడనిది జరిగింది. ఇవతలి గట్టున జనం బారులు తీరి నిలబడ్డారు. అవతలి గట్టునా అంతే. ముసలామె పిలిస్తే పిల్ల పలికింది, మనం పిలిస్తే మనవాళ్ళు పలకరా అని వాళ్ళకు తోచింది. తోచడానికి నాలుగు నెలలెందుకు పట్టిందంటే, అంతవరకు మేం వాళ్ళను రక్షిస్తూ ఉన్నాం.

"ఎర్రన్నా!" "గంగులూ!" "ఓలమ్మా, జన్నీ!" పేర్లు, పేర్లు. వాగు చప్పుడు వినిపించలేదు. చప్టా మీది పోలీసు మొదట లాఠీ ఎత్తాడు. తరువాత ఎవరో తన పేరే పిలిచారనుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఆ సందులో జనం చప్టా దాటేశారు. పొద్దెక్కేలోగా నలభై ఒక్క కుటుంబాలు కలిసిపోయాయి. ఏ పత్రమూ లేదు. నలభై ఏడు గళ్ళలో ఒక్కటీ నిండలేదు.

తవిటమ్మ కూడా చప్టా దాటింది. గుడారం గుడారానికీ వెళ్ళి పిలిచింది. ఎవరూ పలకలేదు. పక్క గుడారంవాళ్ళు "నిన్న మాపు జీపులో తీసుకెల్లిపోనారు" అని చెప్పారు. అందరికీ దారి చూపించిన మనిషి ఒక్కత్తీ ఒట్టి చేతులతో వచ్చి మా వరండా మెట్టు మీద కూలబడింది. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

మండలి మాత్రం కంగారు పడలేదు. ఆ నెల నివేదికలో "నలుబది యొక్క కుటుంబముల పునరేకీకరణ, సమన్వయ ఫలితము" అని రాయించారు. నేనే రాశాను. పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం, ఆ వెనకే తనిఖీ బృందం వచ్చాయి. బృందంలో ఒకాయన అమాయకుడిలా ఉన్నాడు. "ఆ తరలించిన పాప ఎలా ఉంది?" అని అడిగేశాడు.

త్రిలోచనరావు గారు గర్వంగా రెండో తాళం అధికారిని పిలిపించి బీరువా తెరిపించారు. లక్క పగలగొట్టారు. కాగితం మీద "స్థలము: ఏడు బై జి" అని ఉంది.

"ఏడు బై జి అంటే?"

"స్థలాలకూ సంఖ్యలిచ్చాం సార్, గోప్యత సంపూర్ణంగా ఉండాలని. ఆ పుస్తకం సలహాదారు గారి దగ్గరుంది."

"ఆమె ఎక్కడ?"

"సమన్వయం మీద ప్రసంగించడానికి విమానమెక్కారు. ఏ దేశమో మాకు తెలియపరచలేదు."

"అంటే ఆ పాప ఎక్కడుందో ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ!" అన్నారు త్రిలోచనరావు గారు, ఛాతీ విప్పార్చి. "శత్రువు మన కార్యాలయాన్నే ఆక్రమించినా సరే, సమాచారం దొరకదు!" బృందం నాయకుడు ఆయన చేయి పట్టుకుని ఊపాడు. దీన్ని ఇతర జిల్లాల్లోనూ ఆదర్శంగా అమలు చేయాలని పుస్తకంలో రాసి వెళ్ళిపోయాడు.

నేను బయటికొచ్చి జీపు పక్కన నిలబడ్డాను. డ్రైవరు అసిరినాయుడు టైరు మీద కాలు పెట్టి బీడీ కాలుస్తున్నాడు. లోపల జరిగిన బాగోతం చెప్పి, "పిల్ల ఎక్కడుందో దేవుడికే తెలియాలి" అన్నాను.

"దేవుడెందుకండీ, నాకు తెలుసు గదా. రేగులపాడు ఆశ్రమం బళ్ళో దింపినాను. తోవలో గుంట ఆకలన్నాది, రెండిడ్లీ కూడా కొనిపెట్టినాను."

"ఓరి నీ! మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవులడిగినారండీ? మీటింగుకి నన్ను పిలవరు కదా." బీడీ కింద పడేసి నలిపాడు. "రేపు డీజిలుకి అటే ఎల్తన్నాను. ముసలామెని రమ్మనండి."

ఒక్కసారి వెనక్కి, ఆఫీసు వైపు చూశాను. తరువాత మెట్టు మీద కూర్చున్న తవిటమ్మ దగ్గరికెళ్ళి, రేగులపాడు అని ఊరి పేరు, ఆశ్రమం పేరు, జీపు బయల్దేరే వేళ గట్టిగానే చెప్పాను. ఇంతకాలం చేయని పని చేయడానికి నాకు నిమిషం పట్టింది. పొగడకండి. ఆ నిమిషం మొదటిరోజునా ఉంది.

మరునాడు మధ్యాహ్నం జీపు తిరిగొచ్చింది. గురువారం, మీటింగు రోజు. లోపల త్రిలోచనరావు గారు "పదకొండు నలభై మూడు బై బి, అజ్ఞాత స్థలమున సురక్షితము" అని చదివిస్తున్నారు. నేను మినిట్స్ పుస్తకం చంకన పెట్టుకుని బయటికి పరిగెత్తాను.

తవిటమ్మ దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని పిల్ల దిగింది. ఎముకల పోగులా ఉంది. నాకు ఏం మాట్లాడాలో తోచక, పెద్దవాళ్ళు పిల్లల్ని అడిగే మాటే అడిగాను.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల నిటారుగా నిలబడి చేతులు కట్టుకుంది. "పదకొండు నలభై మూడు బై బి, సార్."

తవిటమ్మ నా వైపు చూసిన చూపు ఎవరి మీదా పడకూడదు. "తోవంతా సెప్తన్నాను బాబూ. అత్త పోయి ముప్పయ్యేళ్ళయినా ఆ పేరు నోటెంట రానియ్యనేదు. పొద్దుట్నుంచీ వందసార్లు అన్నాను. నువ్వు పారమ్మవే, పారమ్మ..."

పిల్ల ఒక్క ఉదుటున ఎగిరి మామ్మ నోరు రెండు చేతులతోనూ మూసేసింది. నా చంకలోని పుస్తకం వంక చూస్తూ, గొంతు తగ్గించి అంది.

"ఊరుకో మామ్మా. ఆ బాబు రాసేసుకుంటాడు."